రోజువారీ క్యాలెండర్ మీద కొలాజ్: అలంకారంలా అయిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (మొదటి_ఏడాది)
డిజైన్ కోర్సులో చేరి మూడు నెలలైంది. ఇంట్లో రోజూ కంటపడే అచ్చు వస్తువు ఏదైనా తీసుకుని, పెన్నూ రంగులూ ముట్టుకోకుండా కొలాజ్‌తోనే, అంటే కాగితం ముక్కలు కోసి అతికించే పద్ధతితోనే, మార్చి తెమ్మన్నారు. నేను రోజుకో కాగితం చింపే గోడ క్యాలెండర్ తీసుకుని, దాని మీద వారపత్రికల్లోని పూలు, కళ్లు, చేతులు కత్తిరించి అతికించాను. మేడమ్ చూసి "అందంగానే ఉంది, కానీ క్యాలెండర్‌లో ఏం మారింది?" అన్నారు. పైగా తెల్ల జిగురు రాసిన చోటల్లా ముడతలు. శుక్రవారంలోగా మళ్లీ చేయాలి, టెన్షన్‌గా ఉంది.

కత్తెర
మేడమ్ సరిగ్గానే అడిగారండీ. బయటి బొమ్మలన్నీ తీసేయండి. ఆ కాగితంలో దూరానికి అంకె కనిపిస్తుంది, దగ్గరికొస్తే వారం, ఇంకా దగ్గరికెళ్తే తిథి, వర్జ్యం, రాహుకాలం. ఆ వరసనే తారుమారు చేయండి. మా అమ్మమ్మ అంకె వైపు చూడనే చూడదు, ఆవిడకి రాహుకాలమే క్యాలెండర్. అందుకే నేనొకసారి నెల రోజుల కాగితాల్లోంచి రాహుకాలం గళ్లు మాత్రమే కోసి, పెద్ద 9 అంకె ఆకారంలో పేర్చాను. దూరం నుంచి మామూలు క్యాలెండర్ కాగితమే, దగ్గరికొస్తే ఒట్టి రాహుకాలం. సోమవారమైతే 7.30 నుంచి 9, ఇలా ఏడు వేళలే నెలంతా తిరిగి తిరిగి వస్తాయని పేరుస్తుంటేనే నా కంటికి ఆనింది.

పాత_కాగితాలు
కొలాజ్ కళాకారుడు కర్ట్ ష్విట్టర్స్ పని చూడండి. జర్మనీలో హానోవర్ ఆయన ఊరు. 1919లో ఒక బ్యాంకు ప్రకటనలోని "కొమ్మెర్ట్స్" అన్న మాట కోస్తే "మెర్ట్స్" అనే ముక్క మిగిలింది, ఇక తన పని మొత్తానికీ అదే పేరు పెట్టుకున్నాడు. టికెట్లు, పొట్లాల కాగితాలు, ఏవీ వదల్లేదు. ఇలా మాటలు కోయడం తెలుగులో ఇంకా బాగుంటుంది, ఎందుకంటే మనకి వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి అడ్డంగా కోసినా మాట మారుతుంది. "అమావాస్య"లో య వత్తు తీసేస్తే "అమావాస", మా ఊళ్లో నోటితో అనేది దాదాపు అదే!

బైండింగ్_పని
ముడతల సంగతి: తెల్ల జిగురులో నీళ్లుంటాయి, పల్చటి కాగితం ఆ తడికి సాగిపోతుంది. గ్లూ స్టిక్ వాడండి, కింద మందమైన అట్ట పెట్టండి, పైన బటర్ పేపర్ వేసి రాత్రంతా లావు పుస్తకాల కింద ఉంచండి. అతికించే ముందు పేర్చి చూసిన ప్రతిసారీ ఫోన్లో ఫోటో తీసుకోండి, మొదట పేర్చిందే బాగుందని తర్వాత అనిపించడం మామూలే.

మొదటి_ఏడాది
చాలా థ్యాంక్స్ అండీ! అమ్మ చింపిన కాగితాల్ని పొడుల డబ్బాల కింద పరుస్తుంది, వెతికితే 23 దొరికాయి. కొన్నింటికి నూనె, పసుపు మరకలున్నాయి, వాడొచ్చా?

కత్తెర
ముందు వాటినే వాడండి. పసుపు అంటినది అంకె మధ్యలోకి రానివ్వండి.