తమ్ముణ్ణి 'మార్చే' డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తామంటున్నారు, ఎలా ఆపాలి?

తమ్ముడు గే అని ఇంట్లో తెలిసిపోయింది. నాన్న చెయ్యి చేసుకున్నారు, వాడి ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు, ఇప్పుడేమో ఎవరో డాక్టర్ 'మార్చేస్తాను' అన్నాడని వచ్చే వారం అక్కడికి తీసుకెళ్తారట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది, ఇలాంటి 'చికిత్స'ల వల్ల డిప్రెషన్, చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉంది, కానీ నేను చెబితే వినేదెవరు? అమ్మ కాస్త మెత్తబడింది గానీ 'నలుగురూ ఏమనుకుంటారో' దగ్గరే ఆగిపోతోంది (ఆ నలుగురూ ఒక్కరోజు కూడా మా గడప తొక్కలేదు). వాడు రోజంతా గదిలో గడియ వేసుకుని ఉంటున్నాడు, నాకు అదే టెన్షన్. వాడికి 18 నిండాయి. ఇలాంటిది దాటొచ్చినవాళ్ళు చెప్పండి, ముందు అమ్మని ఒప్పించాలా, లేక వాణ్ణి ఇంట్లోంచి బయటికి తెచ్చేయాలా?