అప్‌డేట్: జార్జ్‌టౌన్ లేక్‌కి వెళ్లొచ్చాం
డెన్వర్ నుంచి గంటలో వెళ్లగలిగేలా, పిల్లాడితో చేపలు పట్టడానికి కొండల్లో సరస్సు ఏదైనా చెప్పమని అడిగాను కదా. ఎకో లేక్ వద్దనుకున్నాం; 10,600 అడుగుల ఎత్తంటే మా ఆవిడకు తలనొప్పి ఖాయం. ఐ-70 హైవే పక్కనే ఉన్న జార్జ్‌టౌన్ లేక్‌కి వెళ్లాం. కొలరాడోలో 16 ఏళ్లు నిండినవాళ్లకే లైసెన్స్ కావాలి, అందుకని నాకొక్కడికే తీసుకున్నా.

అబ్బ, ఏం గాలి! గాలం విసిరితే తిరిగి మన మొహానికే. రంగు పిండి ఎరను ఒక్క చేపా ముట్టలేదు. వానపాము గుచ్చాక బెండు రెండుసార్లు ఊగి గభాలున మునిగింది. జానెడు రెయిన్‌బో ట్రౌట్! దాన్ని నీళ్లలో వదిలేదాకా మావాడు ఒకటే ఏడుపు. తర్వాత ఎదుటి కొండమీద మెలితిరిగిన కొమ్ముల అడవి గొర్రెలు కనిపించేసరికి చేప సంగతే మర్చిపోయాడు. ఈసారి జాకెట్లు మందంగా ఉన్నవి తీసుకెళ్లాలి.