50 పౌండ్ల విల్లుకి ఏ ములికి: ఫిక్స్‌డ్ బ్లేడా, మెకానికలా?

కొత్తపొది (వైట్‌ఫీల్డ్):
అందరికీ నమస్కారం. నవంబరులో టెక్సాస్ హిల్ కంట్రీలో ఒక ప్రైవేటు రాంచ్‌లో చుక్కల దుప్పి వేట ఉంది. కాంపౌండ్ విల్లు (కప్పీలున్న విల్లు) 50 పౌండ్లు, డ్రా (నారి లాగే పొడవు) 28 అంగుళాలు. బాణం మొత్తం బరువు 380 గ్రెయిన్లు (బాణాల బరువు కొలిచే చిన్న ప్రమాణం), అందులో ములికి 100. క్రోనోగ్రాఫ్‌లో సెకనుకి 245 అడుగులు చూపిస్తోంది. 30 గజాలు దాటి కొట్టే ఉద్దేశం లేదు. మెకానికల్ బ్రాడ్‌హెడ్ (తగిలాక రెక్కలు తెరుచుకునే వేట ములికి) అయితే ఫీల్డ్ పాయింట్ (సాధనకి వాడే రెక్కల్లేని మొన) లాగే సూటిగా పోతుందని కొందరు, దాని జోలికే పోవద్దని కొందరు అంటున్నారు. కారణాలతో సహా చెప్పగలరా?

అడ్మిన్:
చర్చ టెక్సాస్ వేట వరకే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పి వేట నేరం. బన్నేరుఘట్ట, బండీపుర లాంటి ఊసు వస్తే పోస్టు తీసేస్తాం. అదే చుక్కల దుప్పిని 1930ల్లో టెక్సాస్ తీసుకెళ్లి వదిలారు. అక్కడ అది బయటినుంచి వచ్చిన జంతువు కింద లెక్క కాబట్టి స్థానిక దుప్పులకున్న సీజన్ గడువు దీనికి లేదు. వేట లైసెన్సు, భూమి యజమాని అనుమతి మాత్రం ఉండాలి.

నారిపట్టు (రాజాజీనగర్):
ఈ విల్లుకి ఫిక్స్‌డే, అంటే రెక్కలు కదలకుండా బిగించి ఉండే ములికి. లెక్క చూడండి. బాణం బరువుని వేగం వర్గంతో గుణించి 450240తో భాగించండి: 380 × 245 × 245 ÷ 450240, అంటే 50.7 అడుగు-పౌండ్లు. బాణాలు చేసే ఈస్టన్ కంపెనీ పట్టికలో దుప్పి స్థాయి జంతువుకి 25 నుంచి 41 చాలు. కాబట్టి శక్తి చాలదని నేననను. ఉన్న శక్తి దేనికి ఖర్చవుతోందన్నదే నా బాధ. మెకానికల్ తగలగానే ముందు రెక్కలు తెరుచుకోవాలి, ఆ తర్వాత 2 అంగుళాల వెడల్పున కోసుకుంటూ పోవాలి. ఫిక్స్‌డ్‌కి 1⅛ అంగుళం కోస్తే చాలు. అందుకే అది అవతలి పక్కటెముకలు దాటి బయటికి వస్తుంది.

బయటికి రావడం ఎందుకంత ముఖ్యమంటే, మంచె మీద నుంచి కొట్టినప్పుడు బాణం పైనుంచి ఏటవాలుగా దిగుతుంది. లోపలికి పోయిన కన్నం ఎత్తున ఉంటుంది, బయటికి వచ్చింది కిందికి ఉంటుంది. నెత్తురు కారేది ఆ కింది కన్నం నుంచే. బాణం లోపలే ఆగిపోతే నెత్తురంతా రొమ్ములోనే నిండుతుంది, నేల మీద చుక్క పడదు. దుప్పి వంద గజాల్లో చచ్చి పడి ఉన్నా పొదల్లో దొరకదు.

గురిచూపు (కోరమంగళ):
నారిపట్టు గారూ, బాణం పోవాల్సిన చోటికి పోతేనే కదా ఈ లెక్కంతా! ఫిక్స్‌డ్ రెక్కలు బాణం ముందు ఇంకో జత ఈకల్లా పనిచేస్తాయి. విడుపులో మణికట్టు కాస్త తిరిగినా గాలి వాటిని పట్టి బాణాన్ని పక్కకి లాగేస్తుంది. మెకానికల్ మూసుకుని ఉంటుంది కాబట్టి గాలికి పట్టు దొరకదు.

చుక్కల దుప్పి బెదురుగొడ్డు, నారి చప్పుడుకే కుంగుతుంది. 30 గజాలంటే 90 అడుగులు. 245 అడుగుల వేగంతో బాణానికి 0.37 సెకను పడుతుంది, చప్పుడు 0.08 సెకనులో చేరిపోతుంది. మధ్యలో దానికి 0.29 సెకను దొరుకుతుంది. ఆ లోపు కదిలి దెబ్బ కాలేయానికి తగిలిందనుకోండి, 2 అంగుళాల కోతకీ 1⅛ కోతకీ నెత్తుటి జాడలో తేడా స్పష్టంగా ఉంటుంది.

నారిపట్టు (రాజాజీనగర్):
కుంగిన దుప్పికి తగిలేది పైకి కదా గురిచూపు గారూ. పైన ఉండేవి జబ్బ ఎముక, వెన్ను. సరిగ్గా అక్కడే మెకానికల్ చేతులెత్తేస్తుంది. దాని రెక్క మందం 0.035 అంగుళం, పట్టి ఉంచేది ఒక చిన్న పిన్ను. ఎముక అంచుకి తగిలితే రెక్క వంగుతుంది లేదా ఊడుతుంది. జీ5 మాంటెక్ లాంటి ఒకే ముక్క స్టీలు ములికికి ఊడటానికంటూ ఏమీ లేదు. వేట బాణాలు ఎంత లోతుకి దిగుతాయో పరీక్షించిన ఎడ్ ఆష్బీ 1980ల్లో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో మొదలుపెట్టిన పరీక్షల్లోనూ మొదట పట్టించుకున్నది ఇదే: బాణం, ములికి విరగకుండా నిలవాలి, మిగతాదంతా ఆ తర్వాతే. దుప్పి కుంగుతుందన్న భయానికి మందు వెడల్పు ములికి కాదు. దూరం 20 గజాలకి తగ్గించుకోండి, గురి కాస్త కిందికి, గుండె దగ్గర పెట్టండి.

మూడీకలు (మారతహళ్లి):
గురిచూపు చెప్పిన పక్కకి లాగడం నిజమే, కానీ అది ములికి తప్పు కాదు. ట్యూనింగులో (విల్లు, బాణం సర్దుబాటులో) ఉన్న లోపాన్ని ఫిక్స్‌డ్ బయటపెడుతుంది, మెకానికల్ దాచేస్తుంది. దాచిన లోపం పోయిందనుకోకండి. వంకరగా ఎగిరే బాణం తగిలాక కూడా వంకరగానే తోస్తుంది, లోతు అక్కడే పోతుంది.

చేయాల్సింది ఇదీ. ములికి బిగించి బాణాన్ని నిలువుగా పట్టుకుని, మొన గాజు పలక మీద ఆనించి వేళ్లతో బొంగరంలా తిప్పండి. మొన ఒక్కచోటే నిలిచి తిరగాలి. చిన్న వలయం గీస్తోందంటే కార్బన్ షాఫ్ట్ (బాణం కడ్డీ) కొస చదునుగా తెగలేదు, లేదా ఇన్సర్ట్ (ములికి బిగించడానికి కొసలో అతికించే ముక్క) ఒరిగి అతుక్కుంది. కొసని సన్నటి గరుకు కాగితం మీద చదును చేసి ఇన్సర్ట్ మళ్లీ అతికించండి. అప్పటికీ వణికే బాణాన్ని వేటకి తీసుకెళ్లకండి.

తర్వాత 20 గజాల్లో ఫీల్డ్ పాయింట్‌తో మూడు, బ్రాడ్‌హెడ్‌తో మూడు వేయండి. ఒక్క బాణం చూసి ఏమీ తేల్చొద్దు, గుంపు చూడాలి. బ్రాడ్‌హెడ్ గుంపు ఎడమకి పడితే రెస్ట్‌ను (విల్లు మీద బాణం ఆనే భాగాన్ని) కుడికి జరపాలి, కిందికి పడితే పైకి. ఒక్కోసారి 1/32 అంగుళమే, అంతకు మించొద్దు. చాలామంది ఇక్కడ సైట్ (గురి చూసే అమరిక) జరిపేస్తారు. దాంతో రెండు గుంపులూ కలిసి జరుగుతాయి, మధ్య దూరం అలాగే ఉంటుంది. రెండూ కలిసేదాకా సైట్ ముట్టుకోకండి. తర్వాత 30 గజాల్లో మళ్లీ మొదటినుంచి.

ఈకలు తిన్నగా అతికించినవైతే 2–3 డిగ్రీల హెలికల్‌కి (కాస్త మెలితిప్పి అతికించే పద్ధతికి) మార్చండి. వెనక తిప్పు బలంగా ఉంటేనే ముందు రెక్కల పెత్తనం తగ్గుతుంది.

కొత్తపొది (వైట్‌ఫీల్డ్):
మూడీకలు గారూ, ధన్యవాదాలు. రెండు సందేహాలు. రేంజిలో గడ్డి బట్‌లు (గురి దిమ్మలు) ఉన్నాయి, బ్రాడ్‌హెడ్ వేయనివ్వరు. ఇంకొకటి, బరువు పెంచితే లాభమా?

మూడీకలు (మారతహళ్లి):
వేయనివ్వకపోవడమే సరి, గడ్డిని బ్రాడ్‌హెడ్ చీల్చేస్తుంది, అవతలికి దూసుకుపోయినా పోతుంది. లేయర్డ్ ఫోమ్ దిమ్మ కొని, కోచ్‌ని అడిగి రేంజి ఖాళీగా ఉండే వేళ, వెనక మట్టిగట్టు ఉన్న లేన్‌లో వేయండి. మేడ మీద, అపార్ట్‌మెంటు సెల్లార్లో వద్దే వద్దు. సాధనకి వాడిన ములికిని వేటకి వాడొద్దు, మొదటి దెబ్బకే పదును పోతుంది. అదే సెట్టులో మూడు విడిగా దాచండి.

బరువు గురించి: 125 గ్రెయిన్ల ములికి, ఇత్తడి ఇన్సర్ట్ వేసి బాణాన్ని 450 గ్రెయిన్లకి తెచ్చారనుకోండి, వేగం 226 దగ్గరికి పడుతుంది. శక్తి అంతే ఉంటుంది, కానీ బరువు × వేగం లెక్కన తోపు 9 శాతం పెరుగుతుంది. విల్లు చప్పుడూ తగ్గుతుంది. అయితే ముందు బరువు పెరిగితే షాఫ్ట్ మెత్తబడ్డట్టు వంగుతుంది, 400 స్పైన్ (షాఫ్ట్ గట్టిదనం అంకె, తగ్గేకొద్దీ గట్టి) వాడుతుంటే 340కి వెళ్లాల్సి రావచ్చు. ముందు బరువు ఎంతుందో ఇలా చూడండి: నాక్ (నారికి తగిలించే వెనక కొస) నుంచి 28 అంగుళాల బాణం 17.5 దగ్గర తూగితే (17.5 − 14) ÷ 28, అంటే 12.5 శాతం. 10 నుంచి 15 మధ్య ఉంటే బాగు.

గురిచూపు (కోరమంగళ):
ట్యూనింగ్ ఇంత ఓపిగ్గా చేసేవాళ్లకి 50 పౌండ్ల దగ్గర ఫిక్స్‌డ్ మంచిదని ఒప్పుకుంటున్నా. 65–70 పౌండ్ల విల్లుకి మాత్రం నా మాట మారదు, అక్కడ వెడల్పు కోతకి కావాల్సిన శక్తి మిగులుతుంది. ఎవరైనా మెకానికల్ తీసుకుంటే 1½ అంగుళం దాటొద్దు, రెక్కలు వెనకనుంచి తెరుచుకునే రకం చూడండి. ముందునుంచి తెరుచుకునేవి ఏటవాలు దెబ్బకి పక్కటెముక మీద జారతాయి. రెక్కల్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ కాలర్ ఒక్కసారికే. రబ్బరు రింగు రకమైతే ఎండకి కారులో ఉంచితే బీటలు వారుతుంది, అమ్ముల పొదిలోనే రెక్క తెరుచుకుంటుంది.

నారిపట్టు (రాజాజీనగర్):
ఒరెగాన్, ఐడహో రాష్ట్రాలు చాలాకాలం మెకానికల్‌ని ఒప్పుకోలేదు. వేరే రాష్ట్రానికి వెళ్లేవాళ్లు ఆ ఏటి నిబంధనల పుస్తకం చూసుకోవాలి.

పదును పరీక్ష: అట్టపెట్టెకి రబ్బరు బ్యాండు వదులుగా తొడిగి, రెక్కని దాని మీద ఒత్తకుండా లాగండి. ఠక్కున తెగాలి. ఒత్తితేగానీ తెగకపోతే అది పదును కాదు, రక్తనాళం పక్కకి జరిగి తప్పించుకుంటుంది. కొత్త ప్యాకెట్లోంచి తీసినవీ ఒక్కోసారి ఇందులో తప్పుతాయి. సన్న సానరాయి మీద రెండు వైపులా సమానంగా నూరి, వాసన లేని నూనె పల్చగా రాయండి.

కొత్తపొది (వైట్‌ఫీల్డ్):
సరే, 125 గ్రెయిన్ల మూడు రెక్కల ఫిక్స్‌డ్ తీసుకుంటున్నా. బాణాలు టార్గెట్ కోసం పొట్టిగా కోయించినవి ఉన్నాయి, అవే వాడొచ్చా?

మూడీకలు (మారతహళ్లి):
ముందు ఫీల్డ్ పాయింట్‌తో పూర్తిగా లాగి, పక్కన ఇంకొకరిని చూడమనండి. షాఫ్ట్ కొస రెస్ట్ దాటి కనీసం ఒక అంగుళం ముందుకి ఉండాలి. లేదంటే రెక్క రెస్ట్‌కో, విల్లు పట్టిన వేళ్లకో తగులుతుంది. పొట్టివి పక్కన పెట్టి కొత్త షాఫ్టులు తీసుకోండి, 340 స్పైన్‌కి ఎలాగూ మారాల్సి రావచ్చు. ములికిని వేళ్లతో బిగించకండి, ప్యాకెట్లో వచ్చే ప్లాస్టిక్ రెంచ్ వాడండి. విమానంలో బాణాలు, ములుకులు చెక్-ఇన్ సామానులోనే, మూత గట్టిగా పడే పెట్టెలో.