వ్యవహారమా, వ్యవహారాలా?

అందరికీ నమస్కారం. చిన్న సందేహం. ఫ్రాన్స్ రాజకీయ నాయకుడు మిషెల్ బార్నియే మీద ఒక పరిచయ వ్యాసం రాశాను. 1995 నుంచి 1997 దాకా ఫ్రాన్స్‌లో ఆయన చేసిన పదవిని ‘ఐరోపా వ్యవహారాల సహాయ మంత్రి’ అన్నాను. తీరా అచ్చులో చూస్తే ‘ఐరోపా విదేశాంగ మంత్రి’ అయి కూర్చుంది. ‘వ్యవహారం అంటే ఎవరిదో గుట్టు బయటపడ్డట్టుంటుందండీ’ అన్నారు దిద్దినాయన. నిజంగా అంత చెడ్డ మాటా ఇది?

మొదటి జవాబు

దిద్దినాయన చెవి మంచిదే, చెయ్యే తొందరపడింది. ఏకవచనంలో ఈ మాట మీద ఎప్పుడూ కాస్త అనుమానం ఉంటుంది. ‘వ్యవహారం తేడాగా ఉంది’, ‘ఏంటి వాళ్ల వ్యవహారం?’ అంటాం. బహువచనం చేయగానే ఖద్దరు చొక్కా తొడుక్కుంటుంది: శాసనసభా వ్యవహారాలు, గిరిజన వ్యవహారాలు, వినియోగదారుల వ్యవహారాలు.

ధర్మశాస్త్రాల్లో వ్యవహారమంటే దావా. మనకు లావాదేవీ కూడా. ‘మంచి వ్యవహర్త’ అంటే నలుగురినీ కూర్చోబెట్టి పని నెగ్గించుకొచ్చేవాడు. బార్నియే సరిగ్గా ఆ బాపతు. సవోయి కొండల మనిషి. 1992 ఆల్బర్‌విల్ శీతాకాల ఒలింపిక్స్‌ని స్కీయింగ్ వీరుడు కిలీతో కలిసి నడిపించాడు.

ఇక ‘ఐరోపా విదేశాంగ మంత్రి’ అంటే ఐరోపా మొత్తానికి విదేశాంగం చూసేవాడని కదా అర్థం! అలాంటి మంత్రి లేడు. బార్నియే ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి అయింది 2004లో. ఐరోపా రాజ్యాంగ ఒప్పందాన్ని 2005 మే 29న ఫ్రెంచి ఓటర్లు కాదన్నాక ఆ కుర్చీ పోయింది. పైగా ఐరోపా పని సగం ఇంటి పనే. చేపల వేటకు హద్దు లాంటివి (2015 దాకా పాల కోటా కూడా) ఐరోపా సమాఖ్య కేంద్రమైన బ్రస్సెల్స్‌లో తేలతాయి, తిట్లు మాత్రం పారిస్‌లో పడతాయి. అందుకే శాఖలన్నిటినీ ఒక మాట మీదికి తెచ్చే కార్యాలయం అక్కడ ప్రధాని కింద ఉంటుంది.

రెండో జవాబు

వ్యవహారాలకు నేనూ సరే. నా పేచీ ‘సహాయ మంత్రి’తో. మన దగ్గర అదొక మెట్టు, అందులో మళ్లీ స్వతంత్ర హోదా ఉన్నవారూ లేనివారూ. ఫ్రెంచివాళ్ల ‘మినిస్త్ర్ దెలెగే’ అంటే పెద్ద మంత్రి పనిలో కొంత అప్పగింతగా తీసుకున్నవాడు. అప్పుడు పెద్ద మంత్రి ఎర్వే ద షారెట్. ‘అప్పగింతల మంత్రి’ అందామంటే పెళ్లిలో ఏడుపు గుర్తొస్తుంది! ‘విదేశాంగ శాఖలో ఐరోపా వ్యవహారాలు చూసే మంత్రి’ అనండి. పొడుగే, కానీ తప్పు లేదు.

మూడో జవాబు

2016లో బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగడం) పని చేపట్టినప్పుడు ఆయన్ని ‘రాయబారి’ అన్నారా మాస్టారూ? అంటే అదీ మార్చండి. రాయబారమంటే ఒకరి మాట మోసుకెళ్లడం. ఈయన 27 దేశాల తరఫున రోజుల తరబడి కూర్చుని, కాగితం మీద అక్షరం అక్షరం బేరమాడాడు. బేరగాడు అంటే బాగోదు కాబట్టి ‘ప్రధాన సంప్రదింపుల ప్రతినిధి’ అనాల్సొస్తోంది, ఏం చేస్తాం.

అప్పట్లో ఆయన అన్న మాటను ‘గడియారం టిక్కుటిక్కుమంటోంది’ అని అనువదిస్తే నాకు ఒళ్లు మండింది. బ్రిటన్ 2017 మార్చి 29న నోటీసు ఇచ్చింది, చేతిలో ఉన్నది రెండేళ్లు. ‘గడువు ముంచుకొస్తోంది’ అంటే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. గడియారం మోగితే మనకు పుట్టేది నిద్రాభంగమే.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండీ. ‘రాయబారి’ అని రాసింది నేనే, ఒప్పుకుంటున్నాను. సవరణలన్నీ పంపాను. ఆయన 2024లో ప్రధాని అయి మూడు నెలలకే అవిశ్వాసంలో ఓడిన సంగతి కూడా చేర్చాను. దిద్దినాయన ఈసారి అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. శీర్షిక మాత్రం మార్చారు: ‘బార్నియే వ్యవహారం’.