సమస్యాపూరణం: లేడి చంపిన పులి యిదె లెండు కనుఁడు

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. అసంగతంగా కనిపించే ఒక పాదం ఇస్తే, మిగిలిన పాదాలు రాసి దానికి పొసగే అర్థం కుదర్చడమే సమస్యాపూరణం. ఈ వారం సమస్య తేటగీతి అనే పద్యానికి నాలుగో పాదం.

*లేడి చంపిన పులి యిదె లెండు కనుఁడు*

లేడి, చంపిన, పులి యిదె, లెండు, కనుఁడు. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండే పొత్తు) లే–లెం. ముందు మూడు పాదాలు మీవి. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు.

వాక్యం అర్థం ఇవ్వాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని మన శాస్త్రకారులు చెప్పారు. ఒక మాట మరో మాటను కోరుకోవడం ఆకాంక్ష. ఆ రెండూ లోకంలో పొసగడం యోగ్యత. దగ్గరగా వినిపించడం సన్నిధి. 'నిప్పుతో తడుపుతున్నాడు' అన్న వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, యోగ్యత లేదు. సమస్య అనేది సరిగ్గా ఇలాంటి వాక్యమే. మాటలను మార్చే వీలు పూరకుడికి లేదు కాబట్టి, ఏ మాట దేన్ని కోరుకోవాలో అది మార్చాలి. ఈసారి పూరణలను ఆ దృష్టితోనే చూద్దాం.

పాత బడిపంతులు:
నా ప్రయత్నం.

*రాత్రి మందలపైఁబడి రక్త మాని*
*నేఁటి వేకువఁ జిక్కెను నేర్పు దొలఁగి*
*యూరి పొలిమేర బోనులో నొదిగి యుండె*
*లేడి చంపిన పులి యిదె లెండు కనుఁడు*

లేడిని చంపిన పులి అనే అర్థం. ఇందులో వింత ఏమీ లేదు, అడవిలో రోజూ జరిగేదే.

మంజీర:
పంతులుగారూ, పద్యం నడక హాయిగా ఉంది. 'నేర్పు దొలఁగి' అన్న మాట నాకు బాగా నచ్చింది, బోనులో చిక్కిన పులి మొహం కనిపించింది. అయితే మీరు చెప్పిన అర్థానికి సమస్య పాదం ఒప్పుకోదేమో చూడండి. లేడి కర్మ అయితే ద్వితీయా విభక్తి ('ని') రావాలి. పద్యంలో 'ని' పోయినా ద్రుతం (అందులోని నకారం) పని చేస్తూనే ఉంటుంది. ద్రుతప్రకృతికం (ద్రుతం చివర ఉన్న మాట) మీది పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది కాబట్టి అప్పుడు పాదం 'లేడి చంపిన పులి' కాదు, 'లేడిఁ జంపిన పులి' అని ఉండాలి. ఇక్కడ చకారం చకారంగానే నిలిచింది. అంటే లేడి ప్రథమలో (కర్తను చెప్పే విభక్తిలో) ఉంది, చంపింది అదే.

ఈ రోజుల్లో అరసున్న రాయకపోయినా 'లేడి జంపిన' అన్న జకారం ఒక్కటే చాలు, ఎవరు ఎవరిని చంపారో చెప్పడానికి.

పాత బడిపంతులు:
మంజీరగారూ, సరళాదేశం సంగతి ఒప్పుకుంటాను. కానీ 'అన్నం వండిన అమ్మ' అంటాం, 'అన్నాన్ని వండిన అమ్మ' అనం. అక్కడ ద్వితీయ ఏది? అన్నానికి ఉన్న సౌకర్యం లేడికి ఎందుకు ఉండకూడదు?

నిర్వాహకుడు:
మంచి ప్రశ్న. అన్నం జడం. జడవాచకాలకు ద్వితీయ రావలసిన చోట ప్రథమ రావచ్చని వ్యాకరణం ఒప్పుకుంది. 1858లో వచ్చిన తెలుగు వ్యాకరణ గ్రంథం బాలవ్యాకరణం కూడా దీన్ని గుర్తించింది. లేడికి ప్రాణం ఉంది. అది చంపగలదు, చావగలదు. రెండు పాత్రలూ వేయగల మాటకు గుర్తు తప్పనిసరి. అన్నం తనంతట తాను ఎవరినీ వండదు కనుక గుర్తు లేకపోయినా ఎవరికీ తికమక ఉండదు. భాష అవసరం ఉన్నచోటే పట్టు బిగించింది.

మీరు ఎత్తిన 'అన్నం వండిన' అన్న పదబంధాన్ని ఇంకాస్త దగ్గరగా చూడండి. అన్నం వండిన అమ్మ: అమ్మ కర్త. అన్నం వండిన గిన్నె: గిన్నెలో వండారు. అన్నం వండిన కట్టెలు: కట్టెలతో వండారు. అన్నం వండిన రోజు: ఆ రోజున వండారు. పదబంధం ఒక్కటే, ఒక్క అక్షరం కూడా మారలేదు. వెనక వచ్చిన నామవాచకం ఏదన్నదాన్ని బట్టి 'లో', 'తో', 'న' అన్నీ మన మనసులోనే చేరుతున్నాయి. ఇక 'అన్నం వండిన వాసన' చూడండి. వాసనలో వండలేదు, వాసనతో వండలేదు, వాసన వండలేదు. ఏ విభక్తి పెట్టినా దాన్ని మళ్ళీ వాక్యంలోకి తిప్పలేం. అయినా వీధిలో నడిచే ప్రతివాడికీ అర్థమవుతుంది. వండడం వల్ల పుట్టిన వాసన అని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

క్రియాజన్య విశేషణానికి ('వండిన', 'చంపిన' లాంటి మాటకు) ఉన్న బలం ఇది. తన తరువాత వచ్చే నామంతో సంబంధం ఉందని మాత్రమే చెబుతుంది, ఏ సంబంధమో చెప్పదు. ఈ సమస్య పుట్టింది ఆ ఖాళీలోనే. పంతులుగారూ, పూరణ చక్కటిదే, కానీ పాదాన్ని మార్చకుండా నిలవదు.

తెలుగుతోట:
నేను లేడిని చంపిన నుంచి విడదీశాను.

*వాగు గట్టున నెత్తుటి వరద నడుమ*
*కాళ్ళు చాఁచుక, కన్నులు కాంతి దప్పి*
*కూలి పడియున్న దదిగొ యా కొమ్ములున్న*
*లేడి, చంపిన పులి యిదె, లెండు, కనుఁడు*

మంజీర:
ఎంత బాగుంది! కూలి పడియున్నది అదిగొ ఆ కొమ్ములున్న లేడి, దాన్ని చంపిన పులి ఇదిగో. విరామం మారగానే వాక్యం రెండు ముక్కలై, రెండూ సహజంగా నిలబడ్డాయి. 'పడియున్నది' అన్న క్రియ ముందే వచ్చి కర్త కోసం ఎదురుచూస్తోంది. 'కొమ్ములున్న' అన్న విశేషణం విశేష్యం కోసం ఎదురుచూస్తోంది. ఈ రెండు ఆకాంక్షలూ పాదం దాటి వచ్చి లేడిని పట్టుకున్నాయి. ఇక 'చంపిన'కు లేడి దొరకదు.

పాత బడిపంతులు:
అమ్మా, విరుపు అద్భుతం. ఒక్క సందేహం. లేడి అంటే ఆడజింక. మగదాన్ని ఇఱ్ఱి అంటాం. మెలికలు తిరిగిన కొమ్ములు ఇఱ్ఱికి. లేడికి కొమ్ములు పెట్టడం కుదురుతుందా?

నిర్వాహకుడు:
పంతులుగారి మాట నిజం. జింకలన్నిటికీ కలిపి లేడి అనే వాడుక ఉన్నా, పద్యంలో ఆ సందేహానికి చోటివ్వడం ఎందుకు? యతికి కూ కావాలి. 'కూనలున్న' అంటే?

*కూలి పడియున్న దదిగొ యా కూనలున్న*
*లేడి, చంపిన పులి యిదె, లెండు, కనుఁడు*

గణం చెడదు, యతి ఇంకా బిగుస్తుంది. విశేషణం పని కూడా మారుతుంది. 'కొమ్ములున్న' అన్నది గుర్తుపట్టడానికి మాత్రమే పనికొచ్చింది. 'కూనలున్న' అనగానే పొదల్లో ఎక్కడో తల్లి కోసం చూస్తున్న పిల్లలు వాక్యంలోకి వచ్చాయి. వాటి గురించి పద్యం ఇంకొక్క మాట చెప్పలేదు, చెప్పనక్కర్లేదు.

తెలుగుతోట:
నమస్కారమండీ, ఇలాగే ఉంచుతాను. కూనలు వచ్చాక రెండో పాదం కూడా బరువెక్కింది.

కొత్త కలం:
అందరికీ నమస్కారం. ఈ బృందంలో ఇదే నా మొదటి పూరణ. తప్పులుంటే దయచేసి చెప్పండి.

*పగలు కథ విన్న పసివాఁడు పడక మీఁద*
*నడుమ రేయిని కలవరించుచును లేచి*
*యమ్మ నాన్నల నిట్లని యఱచి లేపె*
*లేడి చంపిన పులి యిదె లెండు కనుఁడు*

మంజీర:
స్వాగతం. గణాలన్నీ సరిపోయాయి, మొదటి పద్యానికి ఇది చిన్న సంగతి కాదు. రెండో పాదంలో యతి తప్పింది. మొదటి అక్షరం న, నాలుగో గణం మొదట చు. మాటల వరస మారిస్తే చాలు:

*కలవరించుచు నడురేయి కనులు మూసి*

ఇప్పుడు క–క. పైగా కళ్ళు మూసుకునే అరుస్తున్నాడు కనుక కల అన్న సంగతి ఇంకా స్పష్టమైంది. తరువాతి పాదం 'యమ్మ' అలాగే కలుస్తుంది.

నిర్వాహకుడు:
కలలో అన్నాడనో, పిచ్చివాడు అన్నాడనో సమస్యను మరొకరి నోట పెట్టడం అవధాన వేదికల మీద తరచుగా వినే దారే. దాన్ని దోషం అనను. కానీ ఆ దారిలో పాదం లోపలి అన్వయం ఏమీ మారదు. మొత్తం వాక్యాన్ని మూటకట్టి 'ఇట్లని' చేతిలో పెడతాం. లోపల ఉన్న అసంగతం అసంగతంగానే ఉంటుంది, దాని బాధ్యత మాత్రం పసివాడిది అవుతుంది.

అయితే మీ పద్యంలో ఒక సుగుణం ఉంది, అది మిగిలినవారిలో లేదు. 'లెండు' అన్న మాట చూడండి. పంతులుగారి పద్యంలో ఎవరు లేవాలి? తెలుగుతోటగారి పద్యంలో ఎవరు కూర్చున్నారు? ఇక్కడ మాత్రం నిద్రపోతున్న అమ్మానాన్నలు ఉన్నారు, వాళ్ళే లేవాలి. సమస్య ఇచ్చినప్పుడు అందరి కళ్ళూ లేడి, పులి మీదే పడతాయి. చివరి రెండు మాటలకు కూడా ఇల్లు వెతకడం పూరకుడి ధర్మం. మీరు వెతికారు. రాస్తూ ఉండండి.

శారద:
*మేకలను గాచు వేళలో మీఁదఁ బడఁగ*
*గొడ్డ లెత్తి యొక్కటె దెబ్బ గొంతు నఱకె*
*నామె నుడులఁ జిల్క నడల హంస కనుల*
*లేడి చంపిన పులి యిదె లెండు కనుఁడు*

మాటల్లో చిలుక, నడకలో హంస, కన్నుల్లో లేడి. ఆమె చంపిన పులి.

పాత బడిపంతులు:
శభాష్! లేడి కర్తగానే ఉంది, చకారం చకారంగానే ఉంది, అయినా పులిని చంపింది మనిషి.

మంజీర:
'కనుల లేడి' అన్న రెండు మాటలే వచ్చి ఉంటే చెవి జింక దగ్గరే ఆగిపోయేది. 'నుడుల చిల్క', 'నడల హంస' ముందు రావడం వల్ల ఒక వరస ఏర్పడింది. మూడోసారి 'కనుల' అనగానే ఇంకో ప్రాణి పేరు రాబోతోందని, అదీ పోలికే అవుతుందని తెలిసిపోతుంది. లేడి అర్థం లేడి అన్న మాటలో లేదు, దాని ముందున్న రెండు జంటల్లో ఉంది.

నాకు ఒక్క చోట అనుమానం. 'నఱకె నామె' అన్నప్పుడు ఆమె వెనక క్రియతో పోయింది. మరి చిల్క, హంస, లేడి ఎవరిని ఆశ్రయించాలి?

నిర్వాహకుడు:
దేహళీదీపన్యాయం. గడప మీద పెట్టిన దీపం లోపలికీ బయటికీ వెలుగిచ్చినట్టు 'ఆమె' వెనక వాక్యానికి కర్త అయి, ముందున్న మూడు పోలికలకూ ఆధారం అయింది. సంధి కూడా దీనికి సాయపడింది: 'నఱకె నామె' అని కలిసిపోవడం వల్ల పాదాంతంలో వాక్యం ఆగలేదు. శారదగారూ, మీరు తెలిసి చేసినా, చెయ్యి తిరిగి వచ్చినా, ఇది మంచి పట్టు. 'లెండు'కు మాత్రం మీ దగ్గరా ఇల్లు దొరకలేదు.

వేకువ వెలుగు:
రామాయణం వైపు వెళ్ళాను. యుద్ధం ముగిశాక లంకలో కూలబడి ఏడుస్తున్న రాక్షసులతో ఒక ముసలి రాక్షసుడి మాట.

*సీతఁ గొనితెచ్చి నిలువెల్లఁ జెడిన ఱేఁడు*
*పదితలల దొర రణభూమిఁ బడియె నదిగొ*
*యమ్ము నెపమె గాని నిజము నరయఁ బసిఁడి*
*లేడి చంపిన పులి యిదె లెండు కనుఁడు*

తెలుగుతోట:
చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. పసిఁడి లేడి చంపిన పులి! రాముడి బాణం నెపం మాత్రమే.

పాత బడిపంతులు:
బంగారు లేడి అంటే మారీచుడు. వాడు రావణుడి కంటే ఎంతో ముందే రాముడి బాణానికి చచ్చాడు. చచ్చిన లేడి చంపడమేమిటని ఎవరైనా అడగరా?

వేకువ వెలుగు:
'అప్పు చంపిన మనిషి' అంటాం, 'ఆశ చంపిన మనిషి' అంటాం కదా పంతులుగారూ. అప్పు కత్తి పట్టదు. కారణమైనదాన్ని కర్తగా చెప్పడం మన నోటికి కొత్త కాదు. లేడిని చూసి సీత కోరింది, రాముడు వెళ్ళాడు, లక్ష్మణుడు వెళ్ళాడు, ఆశ్రమం ఖాళీ అయింది. రావణుడి చావు అక్కడే మొదలైందని ఆ ముసలివాడి బాధ.

పాత బడిపంతులు:
ఒప్పుకున్నాను. 'అమ్ము నెపమె గాని' అన్న మాట ముందు ఉండనే ఉంది. అది లేకపోతే అడిగేవాడిని.

నిర్వాహకుడు:
ఈ వారం నా ఓటు వేకువ వెలుగుగారికి. 'పసిఁడి' అన్న మూడు లఘువులు పాదం చివర నిలబడి, ఊరూ పేరూ లేని లేడిని ఒక్కసారిగా అందరికీ తెలిసిన లేడిగా మార్చాయి. ఆ తరువాత పులి ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. కూలబడినవాళ్ళు ఉన్నారు కనుక 'లెండు' కూడా కుదిరింది. విరుపు అందానికి తెలుగుతోటగారి పద్యం దాని పక్కనే నిలుస్తుంది. 'కూనలున్న' నేను ఇచ్చిన సవరణ కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, అది లేకపోయినా విరుపు ఆమెదే.

వచ్చే వారానికి, మళ్ళీ తేటగీతి చివరి పాదమే:

*చీమ మ్రింగిన యేనుఁగు చిందులాడె*

ఈసారి మంజీరగారి ఆయుధం పనిచేయదు. 'మ్రింగిన' మొదట ఉన్నది పరుషం కాదు, సరళాదేశానికి తావు లేదు. స్థిరం (పరుషమూ సరళమూ కాని హల్లు) ముందు ద్రుతం లోపించవచ్చు కూడా. కాబట్టి చీమను ఏనుగు మింగిందో, ఏనుగును చీమ మింగిందో అక్షరం సాక్ష్యం చెప్పదు. ఆదివారం రాత్రి వరకు పంపవచ్చు.