టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉన్నా థైరాయిడ్ గడ్డ పెరగడం: గ్రోత్ ఫ్యాక్టర్ల పాత్ర

అడినోమా_ప్రశ్న: థైరాయిడ్‌ని నడిపే పిట్యూటరీ హార్మోన్ టీఎస్‌హెచ్ 1.8 దగ్గరే (నార్మల్‌గానే) ఉంటుంది, థైరాయిడ్‌లోని క్యాన్సర్ కాని గడ్డ (అడినోమా) మాత్రం పెరుగుతుంది. అలాంటప్పుడు దాన్ని పెంచుతున్నది ఏది? కణాల పెరుగుదలని శాసించే ప్రోటీన్లు (గ్రోత్ ఫ్యాక్టర్లు) ఐజీఎఫ్-1, ఈజీఎఫ్, టీజీఎఫ్-బీటాల్లో దేని వాటా ఎంత? కొలిస్తే తెలుస్తుందా?

ఫాలికిల్: రక్తంలో టీఎస్‌హెచ్ ఎంత ఉందన్నది సగం లెక్కే. దానికి కణం ఎంత స్పందిస్తోందన్నది మిగతా సగం. టీఎస్‌హెచ్ కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువుని పెంచుతుంది, కానీ కణం విభజనకు దిగాలంటే ఐజీఎఫ్-1 తోడుండాలి. గ్రోత్ హార్మోన్, దాంతోపాటు ఐజీఎఫ్-1 అతిగా ఉండే ఎక్రోమెగలీ జబ్బులో గాయిటర్ (థైరాయిడ్ వాపు), గడ్డలు తరచుగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. ఈజీఎఫ్ తీరు వేరు. అది కణాల సంఖ్యను పెంచుతుంది గానీ అయోడిన్ పట్టుకునే గుణాన్ని, థైరాయిడ్ హార్మోన్‌కి ముడిసరుకైన థైరోగ్లోబులిన్ ప్రోటీన్ తయారీని తగ్గించేస్తుంది.

టీజీఎఫ్-బీటా1 వీటికి బ్రేకు. అయోడిన్ తగినంత అందితే ఆ బ్రేకు గట్టిగా పడుతుంది. అయోడిన్ లోపిస్తే అది వదులై, అదే టీఎస్‌హెచ్‌కి కణం ఎక్కువగా స్పందిస్తుంది. టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉండి కూడా గడ్డ పెరగడానికి ఇదొక దారి.

జన్యుదారి: హాట్ నాడ్యూల్‌ని (తనంతట తానే హార్మోన్ తయారుచేసే గడ్డని) మాత్రం ఈ లెక్కలో కలపకండి. అక్కడ చాలా గడ్డల్లో టీఎస్‌హెచ్‌ని అందుకునే రిసెప్టర్ జన్యువులోనే, కొన్నింటిలో దాని సంకేతాన్ని లోపలికి చేర్చే జీఎన్ఏఎస్ జన్యువులో మ్యుటేషన్ ఉంటుంది. రిసెప్టర్ మ్యుటేషన్ల సంగతి 1993లో బయటపడింది. స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది కాబట్టి బయటి టీఎస్‌హెచ్ పడిపోయినా గడ్డ పని ఆగదు. కోల్డ్ (స్కాన్‌లో అయోడిన్ పట్టని) ఫాలిక్యులర్ అడినోమాల్లో ఎక్కువగా కనిపించేది ఆర్ఏఎస్ అనే జన్యువుల మ్యుటేషన్.

కల్చర్_బెంచ్: కొలతల దగ్గరే ఎక్కువ మంది బోల్తా పడతారు. ల్యాబులో పెంచే ఎలుక థైరాయిడ్ కణాలు ఎఫ్ఆర్‌టీఎల్-5కి వాడే ఆరు హార్మోన్ల మీడియంలో ఇన్సులిన్ మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు ఉంటుంది. అంత మోతాదులో అది ఐజీఎఫ్-1 రిసెప్టర్‌నే పట్టేస్తుంది. దాన్ని తీసేయకుండా ఐజీఎఫ్-1 కలిపి, ‘తేడా రాలేదు’ అని రాస్తే ఆ ఫలితానికి అర్థం లేదు.

టీజీఎఫ్-బీటా ఎక్కువ భాగం నిద్రాణ రూపంలో ఉంటుంది. మొత్తం ఎంతో తెలియాలంటే శాంపిల్‌ని ఆమ్లంతో చైతన్యపరచి, తటస్థం చేసి, అప్పుడు ఎలైజా (యాంటీబాడీతో ప్రోటీన్‌ని కొలిచే పరీక్ష) పెట్టాలి. కల్చర్ మీడియంలోని దూడ సీరంలో కూడా అదే ప్రోటీన్ ఉంటుంది కాబట్టి కణాలు లేని మీడియంని కంట్రోల్‌గా తప్పకుండా పెట్టండి. రక్తనాళాల్ని పెంచే గ్రోత్ ఫ్యాక్టర్ వీఈజీఎఫ్‌ని కొలవడానికి సీరం వద్దు. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు దాన్ని వదిలేస్తాయి, అంకె ఉబ్బిపోతుంది. ప్లాస్మా తీసుకుని త్వరగా వేరు చేయండి.

స్లైడ్_బల్ల: ఆంకోసైటిక్ కణాల్లో (మైటోకాండ్రియా నిండిన థైరాయిడ్ కణాల్లో) సహజంగానే బయోటిన్ ఎక్కువ. బయోటిన్‌ని పట్టుకుని రంగు చూపే ఎవిడిన్-బయోటిన్ పద్ధతిలో ఏ గ్రోత్ ఫ్యాక్టర్‌కి రంగు వేసినా పాజిటివ్‌లా కనబడుతుంది. బయోటిన్ లేని పాలిమర్ డిటెక్షన్ వాడండి, ప్రైమరీ యాంటీబాడీ లేని స్లైడ్ ఒకటి పక్కన ఉంచండి. ఇంకోటి: అడినోమానా, ఫాలిక్యులర్ కార్సినోమానా (క్యాన్సరా) అన్నది ఈ రంగులు తేల్చవు. గడ్డ చుట్టూ ఉన్న పొరని (క్యాప్సూల్‌ని) గానీ రక్తనాళాన్ని గానీ చీల్చుకుని వెళ్లిందా అన్నదే తేలుస్తుంది. అందుకే సూది పరీక్షతో ఆ తేడా చెప్పలేం.

ప్రోబ్: అసలు పెరిగిందా అన్నది ముందు చూడండి! అల్ట్రాసౌండ్‌లో పొడవు × వెడల్పు × లోతు × 0.52 చేస్తే ఘనపరిమాణం వస్తుంది. 20×15×15 ఎంఎం గడ్డ 2.34 మిల్లీలీటర్లు. మరుసటి స్కాన్‌లో 22×17×17 వస్తే 3.31, అంటే 41 శాతం ఎక్కువ. భయపెట్టే అంకెలా ఉంటుంది గానీ ఒక్కో కొలతలో తేడా 2 ఎంఎం మాత్రమే, చెయ్యి మారినా అంత రావచ్చు. కనీసం రెండు కొలతల్లో 20 శాతం, తక్కువలో తక్కువ 2 ఎంఎం పెరగాలి, లేదా ఘనపరిమాణం 50 శాతం దాటాలి. అప్పుడే పెరుగుదల అంటాం.

అడినోమా_ప్రశ్న: అయితే రక్తంలో ఐజీఎఫ్-1 చూపించుకోవడం దండగేనా? థైరాయిడ్ హార్మోన్ మందు లీవోథైరాక్సిన్‌తో టీఎస్‌హెచ్‌ని అణిస్తే?

ఫాలికిల్: ఎక్రోమెగలీ లక్షణాలు ఉంటేనే ఐజీఎఫ్-1 చూడాలి. చేతులు, పాదాలు పెద్దవవడం, ఉంగరం బిగుతవడం లాంటివి. గడ్డలో స్థానికంగా తయారయ్యేది రక్తంలో కనబడదు. ఇక అణచివేత: గడ్డ తగ్గినా కొద్దిగానే, మందు ఆపితే మళ్లీ పెరగొచ్చు. ఈలోగా గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడటం అనే ముప్పులు. అయోడిన్ చాలినంత అందుతున్న వారికి మామూలుగా దీన్ని సూచించరు.

ప్రోబ్: టీఎస్‌హెచ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ మాత్రలు ఆపమనండి. కొన్ని కిట్లలో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, లేని హాట్ నాడ్యూల్ కోసం స్కాన్‌కి పంపుతారు.