వేల్స్ భాష వెల్ష్‌లో "వెళ్ళావా?" అంటే అవునని చెప్పడానికి డో అనాలా, అడు అనాలా?

కార్డిఫ్_కోడలు:
ఆర్నెల్లుగా సాయంత్రం క్లాసుకి వెళ్తున్నా. టీచరమ్మ ప్రతి సోమవారం అడిగేది ఒకటే, "గెస్ట్ టి బెన్‌విత్‌నోస్ డా?" అని. వీకెండ్ బాగా గడిచిందా అని. నిన్న ధైర్యం చేసి "అడు" అన్నా. "డో" అనాలట. ఎప్పుడు ఏది? ఇంకోటి, ప్రశ్న అడిగేటప్పుడు మొదటి అక్షరం ఎందుకు మారుతుంది? పాప వెల్ష్ మీడియం బడి. నన్ను చూసి నవ్వుతోంది.

స్వాన్సీ_సతీష్:
ఇప్పటి సంగతికే మనిషిని బట్టి మారుతుంది అక్కా. నేనైతే అడు, ఆయనైతే అడి. అయిపోయిన పనికి ఎవరైనా ఒకటే. "ఎస్ట్ టి?" వెళ్ళావా? అవునంటే డో, లేదంటే నద్దో. మన "లేదు" లాగే. తిన్నావా అన్నా లేదు, తిన్నారా అన్నా లేదు.

బ్యాంగర్_బాబాయ్:
నద్దో ఏంటయ్యా, నాదో! ఒక డి రాస్తే డ, రెండు రాస్తే ద లాగా పలకాలి. మా వైపు పద్ధతే వేరు. నైట్ డ్యూటీ దిగి పొద్దున మళ్ళీ వార్డుకెళ్తే ఓ పెద్దావిడ "దారి టి గస్గి?" అంది. ఏ దారి అడుగుతోందా అని గుమ్మం వైపు చూపించా. నిద్రపోయావా అనట.

మాస్టారు_అబెరిస్త్విత్:
ఇరవై ఏళ్ళు వ్యాకరణం చెప్పినవాణ్ణి. అమ్మా, మీ అక్షరం సంగతి మన గసడదవాదేశమే. కెస్ట్ గెస్ట్ అవుతుంది, ప్రనెస్ట్ బ్రనెస్ట్ అవుతుంది.

స్వాన్సీ_సతీష్:
గసడదవలో ప "వ" అవుతుంది మాస్టారూ. "బ" అయితే సరళాదేశం. పూచెను గలువలు.

మాస్టారు_అబెరిస్త్విత్:
పోలిక చెప్పాను బాబూ, పరీక్ష పెట్టలేదు.

స్వాన్సీ_సతీష్:
తప్పు పోలిక ఎందుకు? గ్వెలెస్ట్ "వెలెస్ట్" అయ్యేటప్పుడు గ మొత్తానికే ఎగిరిపోతుంది. నాకు దొరకలేదు అనాలంటే "ఖెస్ ఇ దిమ్". క కాస్తా ఖ. అదే సంధి?

మాస్టారు_అబెరిస్త్విత్:
నీ వయసుకి నా సర్వీసుంది.

న్యూపోర్ట్_నాని:
ఇంత గొడవెందుకు? 2021 లెక్కల్లో వేల్స్‌లో వెల్ష్ వచ్చినవాళ్ళు 17.8 శాతమే. ఇంగ్లిష్ చాలు.

బ్యాంగర్_బాబాయ్:
మా గ్వినెద్ కౌంటీలో 64 శాతం. ఓసారి వచ్చి మా వార్డులో చెప్పు ఆ మాట.

కార్మార్థెన్_అల్లుడు:
అసలు చిక్కు "వెడి" దగ్గర, పని అయిపోయిందని చెప్పే మాట అది. "ఉయ్ట్ టి వెడి బుయ్‌టా?" తినేశావా? క్లాసులో "అడు" అని నేర్పారు. మా అత్తగారు పుట్టినప్పటి నుంచీ వెల్షే, ఆవిడ "డో" అంటారు. ఎవరిది రైటు?

కార్డిఫ్_కోడలు:
మరి "నిన్న ఇంట్లో ఉన్నావా", "ఓయ్‌దెట్ టి" అన్నా డోనేనా?

స్వాన్సీ_సతీష్:
కాదక్కా, అది పని కాదు, ఉండటం. "ఓయ్‌దున్" అనాలి. లేదంటే "నాగ్ ఓయ్‌దున్".

కార్డిఫ్_కోడలు:
రాత్రి పాపని "గెస్ట్ టి హుయ్‌ల్?" అని అడిగా, సరదాగా గడిచిందా అని. "నాదో" అంది, మొహం మాడ్చుకుని. పక్క గదిలోంచి మా ఆయన "ఏది నీదో? ఏం పోయింది?" అంటూ వచ్చారు.

కార్మార్థెన్_అల్లుడు:
వెడి సంగతి ఎవరూ తేల్చలేదు. ఆదివారం అత్తగారింట్లో భోజనం నాకు.